డంకరీ కొండ మీద ఏమీ లేదన్నవాళ్లకి

సెలవులకి ఎక్కడికెళ్లారని ఎవరైనా అడిగితే ఎక్స్‌మూర్ వెళ్లామని చెప్తాను. అక్కడేముంది అంటారు. డంకరీ బీకన్ అని ఒక కొండ ఉంది, అమ్మానాన్నలతో, పిల్లలతో ఇంటిల్లిపాదీ ఎక్కొచ్చాం అంటాను. ఎత్తెంత అన్నది తర్వాతి ప్రశ్న. 519 మీటర్లు అనగానే అవతలివాళ్లకి ఆసక్తి పోతుంది. "అంతేనా? వేల్స్‌లో స్నోడన్ కొండ దీనికి రెట్టింపు ఉంటుంది కదా, అదే చూసి రావాల్సింది" అని ఒకరంటారు. "గుడి లేదు, జలపాతం లేదు, రైలు లేదు, కనీసం టీ కొట్టు లేదు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లని తీసుకెళ్లి ఏం చూపించావు?" అని ఇంకొకరు. బ్రిటన్‌లో ఉంటున్న మన తెలుగువాళ్ల ఇళ్లల్లో ఈ మాటలు నాకు మామూలైపోయాయి. ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా చెప్తాను.

మూడు తరాలు కలిసి సెలవు గడపాలనుకునే ఇంటికి పేరుమోసిన శిఖరం కన్నా, పేరుమోసిన పట్నం కన్నా, ఇలాంటి మెత్తటి కొండే మంచిదని నా నమ్మకం. పెద్దవాళ్లున్నారు కదా, ఇంతకంటే ఏం చేయగలం అని సర్దుకుపోయే మాట కాదిది. అందరూ గట్టి కాళ్లున్నవాళ్లయినా నేను ముందు అక్కడికే తీసుకెళ్తాను. ఇంకో సంగతి. అక్కడ ఏమీ లేదంటున్నారే, ఆ ఏమీ లేకపోవడం దానంతటది వచ్చింది కాదు. వేల ఏళ్లుగా మనుషులూ పశువులూ కలిసి తయారు చేసింది. గత వందేళ్లలో కొందరు పట్టుబట్టి నిలబెట్టింది. అది తెలిశాక ఆ కొండని చులకనగా చూడటం నావల్ల కాలేదు.

ఎక్స్‌మూర్ ఇంగ్లండ్ నైరుతి మూలన, సోమర్సెట్, డెవన్ కౌంటీలు కలిసేచోట ఉంది. 1954లో నేషనల్ పార్క్‌గా ప్రకటించారు. ఉత్తరాన సముద్రం, ఆ నీళ్లకి అవతల వేల్స్. చెట్టూ చేమా లేని పెద్ద పెద్ద మిట్టలు, వాటి మధ్య ఓక్ చెట్లతో కిక్కిరిసిన లోయలు, లోయకో వాగు. ఆ మిట్టలన్నిట్లోకీ ఎత్తైనది డంకరీ. సోమర్సెట్ మొత్తంలోనూ ఎత్తైనది అదే. దక్షిణ ఇంగ్లండ్‌లో డార్ట్‌మూర్‌ని పక్కనపెడితే ఇంతకు మించిన ఎత్తు ఇంకెక్కడా లేదు. అయినా చూస్తే కొండ అనిపించదు. మొనదేలిన శిఖరం లేదు, మీద పడేట్టున్న బండల్లేవు. పోర్లాక్ ఊరివైపు నుంచి తలెత్తి చూస్తే ఆకాశం కింద పొడుగ్గా సాగిన గోధుమరంగు గీత కనబడుతుంది. ఆగస్టులో ఆ గీత ఊదారంగుకి తిరుగుతుంది.

కొండ భుజం మీదుగా సన్నటి తారురోడ్డు పోతుంది. డంకరీ గేట్ అనేచోట కారు ఆపుకుంటే అక్కణ్నుంచి కొండ నెత్తికి మైలు దూరం కూడా ఉండదు. ఎక్కాల్సిన ఎత్తు వంద మీటర్లకి కాస్త అటూ ఇటూ. రాళ్లు తేలిన వెడల్పాటి బాట, ఎక్కడా ఒక్కసారిగా నిటారుగా లేవకుండా మెల్లమెల్లగా పైకి పోతుంది. మోకాళ్ల నొప్పులతో తిరుమల మెట్లదారి మానేసిన మా అమ్మ ఆ బాటలో చేతికర్ర పట్టుకుని, ఎవరి చెయ్యీ అడక్కుండా, తన లెక్కలో తను ఎక్కింది. మధ్యలో నాలుగుచోట్ల ఆగింది. ఆగిన ప్రతిచోటా మేమూ ఆగాం.

ఆ ఆగడం దగ్గరే నా వాదనంతా ఉంది. పెద్ద కొండకి కుటుంబంతో వెళ్తే ఏమవుతుందో చాలామందికి అనుభవమే. కొండ మొదట్లోనే ఇల్లు రెండుగా విడిపోతుంది. కుర్రకారు పైకి, పెద్దవాళ్లు కింద కెఫేలోకి. చంటిపిల్ల తల్లి పెద్దవాళ్లకి తోడుగా కిందే ఉండిపోతుంది. సాయంత్రం పైకెళ్లినవాళ్లు ఫోన్లో ఫోటోలు చూపిస్తారు, కిందున్నవాళ్లు బావుంది బావుంది అంటారు. ఒకే చోటికి వెళ్లి రెండు వేరువేరు సెలవులు గడిపి వస్తారు. ఇంకా దారుణం ఏమిటంటే, పెద్దవాళ్లు ఆ రోజంతా "మావల్ల మీకు ఇబ్బంది" అనే మాట నోట్లో పెట్టుకునే కూర్చుంటారు. వయసు మళ్లినవాళ్ల చేత ఆ మాట అనిపించే సెలవు ఎంత ఎత్తుకి వెళ్లినా నాకు అక్కర్లేదు.

మెత్తటి కొండ మీద ఆ విడిపోవడం ఉండదు. అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్లని బట్టి మిగతావాళ్ల నడక సాగుతుంది. చిన్నవాడు ముందుకి పరిగెత్తినా, వెనక్కి తిరిగి చూస్తే అమ్మమ్మ కనబడుతూనే ఉంటుంది, ఎందుకంటే అడ్డం ఏమీ లేదు. మా అమ్మాయికి పదిహేనేళ్లు. ఇంట్లో అమ్మమ్మతో పట్టుమని పది మాటలు మాట్లాడే వయసు కాదు. ఇక్కడ పక్కపక్కన నడుస్తూ, ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సిన పని లేకుండా, ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

నెమ్మదిగా నడిస్తే కళ్లు నేల మీదికి దిగుతాయి. డంకరీ మీద చూడాల్సిందంతా మోకాలి కిందే ఉంది. దూరానికి ఒకే ఊదారంగుగా కనబడేది దగ్గరికెళ్తే వేరువేరు మొక్కలు. ముదురు రంగులో బొద్దుగా చిన్న చిన్న గంటలు గుత్తులుగా వేలాడేది బెల్ హెదర్. అంతకన్నా లేతరంగులో, సన్నటి కొమ్మ పొడుగునా చిన్న చిన్న పూలు పూసేది లింగ్, అదీ హెదర్ రకమే. ముందు బెల్ విచ్చుకుంటుంది, తర్వాత లింగ్ అందుకుంటుంది. రెండూ ఒకేసారి కళకళలాడేది ఆగస్టులో. వాటి సందుల్లో ముళ్ల గోర్స్, పొట్టి రకం, అదీ సరిగ్గా అప్పుడే పచ్చటి పసుపు పూలు పూస్తుంది. ఊదా పక్కన పసుపు అంత దగ్గరగా నేల పొడుగునా పరుచుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు. లింగ్ కొమ్మ ఒకటి వంచి చూడండి. కింద గట్టి కట్టె, దాని మీద పొలుసుల్లాంటి ఆకులు, ఎండకీ గాలికీ ఓర్చుకునేలా ముడుచుకుని ఉంటాయి. ఈ కొండ డెవోనియన్ కాలపు ఇసుకరాయి. ఆ కాలానికి ఆ పేరే పక్కనున్న డెవన్ నుంచి వచ్చింది. ఈ రాతి మీద ఏర్పడే మట్టి పులుపు మట్టి, సారం తక్కువ. పైరు పెడితే పండదు. హెదర్‌కి మాత్రం అదే కావాలి.

హెదర్ మధ్యలో ఇంకా పొట్టిగా, లేతాకుపచ్చగా వర్టల్‌బెర్రీ పొదలుంటాయి. ఆకుల కింద నల్లటి నీలం రంగులో కందిగింజకన్నా కాస్త పెద్ద పళ్లు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు బుట్టలతో వచ్చి కోసి అమ్మేవాళ్లట. అమ్మ వంగి కోయలేక కర్రతో ఆకులు పక్కకి తప్పిస్తుంటే చిన్నవాడు కోసి ఇచ్చాడు. అందరి నాలుకలూ నీలమయ్యాయి. ఉన్నట్టుండి వాడు "ఎవరో రాళ్లు కొడుతున్నారు" అని చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. గోర్స్ పొద కొనమీద నల్లటి తల, నారింజ రంగు రొమ్ము ఉన్న పిట్ట ఒకటి కూర్చుంది. స్టోన్‌చాట్. రెండు గులకరాళ్లు టకటకా కొట్టినట్టే దాని అరుపు. మేం వెళ్లేదాకా అది అరుస్తూనే ఉంది, గూడు దగ్గర్లో ఉందో ఏమో.

"ఏమీ లేదు" అనేవాళ్లకి నా మొదటి జవాబు ఇదే. చూపులు దూరానికి వెళ్లడానికి అలవాటుపడి, దగ్గరున్నవి లెక్కలోకి రాక అలా అనిపిస్తుంది. దూరం కావాలన్నా డంకరీ తక్కువ చెయ్యదు. వాతావరణం బావుంటే ఉత్తరాన సముద్రమూ, దానికి అవతల వేల్స్ కొండలూ, దక్షిణాన డార్ట్‌మూర్ కనబడతాయి. బీకన్ అన్న పేరు రావడానికి కారణమూ ఆ ఎత్తే. రేడియోలు లేని కాలంలో ప్రమాదం వస్తే ఇలాంటి కొండల నెత్తిన మంట వేసి ఊళ్లకి కబురందించేవాళ్లు.

రెండో జవాబు మా నాన్న నోటి నుంచి వచ్చింది. ఆయన రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఏ ఊరికి వెళ్లినా మొదట అడిగేది "ఈ భూమి ఎవరిది?" అని. కొండ మీద గొర్రెలు మేస్తున్నాయి. కంచె లేదు, కాపరి కనబడలేదు. ఆయన కాసేపు వాటినే చూసి, "వీటి వీపుల మీద రంగు గుర్తులు చూశావా? ఒకే చోట మేస్తున్నాయి కానీ ఒక మంద కాదు. ఇది ఉమ్మడి మేత భూమి అయ్యుండాలి" అన్నారు. నిజమే. మూర్‌లంటే ఇలా చెట్లు లేకుండా హెదర్, గడ్డి పెరిగే మిట్టలు. అవి చాలావరకు కామన్లు, అంటే ఉమ్మడి భూములు. భూమికి యజమాని ఒకరుంటారు, మేపుకునే హక్కు మాత్రం చుట్టుపక్కల రైతులది. ఏ కమతానికి ఎన్ని గొర్రెలు, ఎన్ని పశువులు మేపుకునే హక్కుందో 1965 నాటి కామన్ల నమోదు చట్టం కింద రాతపూర్వకంగా రిజిస్టర్లోకి ఎక్కించారు. అది చెప్తే నాన్న నడవడం మానేసి వినడం మొదలుపెట్టారు.

ఆయన సర్వీసంతా మన ఊళ్ల బంచరాయి భూములు కళ్లముందే కరిగిపోవడం చూశారు. అడంగల్లో మేత పోరంబోకు అని రాసి ఉంటుంది, అక్కడికి వెళ్తే ఇళ్లో తోటలో ఉంటాయి. ఇల్లు లేని పేదలకి అందులో పట్టాలివ్వడం న్యాయమేనని ఆయన ఎప్పుడూ అనేవారు. గట్టు జరుపుకుంటూ, పక్కనున్న పెద్ద కమతంలో ఏటేటా కలుపుకున్నదాన్ని మాత్రం ఆయన క్షమించలేదు. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. ఆ తీర్పు గురించి ఆయన ఆ కొండ మీద మా ఆయనకి పావుగంట చెప్పారు. "ఊరందరిదీ అన్న భూమి ఖాళీగా కనబడుతుంది కాబట్టే పోతుంది. ఎవడొచ్చినా ఇక్కడేముంది, ఒట్టి బీడే కదా అంటాడు" అన్నారు. నాకు సెలవుల గురించి అడిగిన స్నేహితులే గుర్తొచ్చారు. ఏమీ లేదన్న మాట వినడానికి అమాయకంగానే ఉంటుంది. ఆ మాట మీదే ఎన్నో ఊళ్ల మేత భూములు పోయాయి.

ఇంగ్లండ్‌లో మాత్రం పోలేదా అంటే, మనకన్నా ముందే, మనకన్నా ఎక్కువే పోయాయి. పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల్లో పార్లమెంటు వేల కొద్దీ చట్టాలు చేసి ఉమ్మడి భూములకి కంచెలు వేయించింది. ఎక్స్‌మూర్ నడిబొడ్డున, పేరుకి అడవే కానీ నిజానికి మూర్ అయిన రాజుగారి నేలని 1818లో జాన్ నైట్ అనే ఇనుము వ్యాపారి కొన్నాడు. దాని చుట్టూ గోడ కట్టించి, దున్ని సాగులోకి తేవాలని తంటాలు పడ్డాడు. డంకరీ అటువంటివాళ్ల చేతికి చిక్కకపోవడానికి కారణం గొప్ప ఆదర్శమేమీ కాదు. చుట్టుపక్కల భూములున్న ఆక్లాండ్ వంశానికి ఇది దుప్పులని వేటాడే నేల. వాళ్ల భూముల్ని హాల్నికోట్ ఎస్టేట్ అంటారు. వేటకి ఖాళీ కొండ కావాలి కాబట్టి కొండ ఖాళీగా ఉంది. దొరల సరదా కోసం మిగిలిన ఖాళీ అది. ఈ సంగతి దాచి కొండని పొగిడితే అబద్ధమవుతుంది.

తర్వాత జరిగిందే ముఖ్యం. కొండ నెత్తిన ఇప్పుడున్న రాళ్ల గుట్టకి బిగించిన ఫలకం మీద ఆ కథ మొదటి భాగం రాసి ఉంది. 1935లో సర్ థామస్ ఆక్లాండ్, కల్నల్ విగ్గిన్, అలన్ హ్యూస్ అనే ముగ్గురు డంకరీ కొండని నేషనల్ ట్రస్ట్‌కి ఇచ్చేశారు. ఆ ట్రస్ట్ అందమైన నేలల్నీ పాత కట్టడాల్నీ ప్రజల కోసం కాపాడటానికి 1895లో ఆక్టేవియా హిల్, రాబర్ట్ హంటర్, హార్డ్‌విక్ రాన్‌స్లీ కలిసి పెట్టిన సంస్థ. 1907లో పార్లమెంటు దానికి ఒక ప్రత్యేక అధికారం ఇచ్చింది. ఫలానా భూమి అన్యాక్రాంతం చేయరానిదని ట్రస్ట్ ఒకసారి ప్రకటిస్తే, తర్వాత ట్రస్టే మనసు మార్చుకున్నా దాన్ని అమ్మడానికి వీల్లేదు. 1944లో థామస్ వారసుడు, ఎంపీ రిచర్డ్ ఆక్లాండ్, సుమారు 12,000 ఎకరాల హాల్నికోట్ మొత్తాన్నీ ఇచ్చేశాడు. ఆయన కామన్‌వెల్త్ అనే పార్టీ పెట్టి, భూమి ప్రజలందరి ఉమ్మడి సొత్తు కావాలని ప్రచారం చేసినవాడు. అంత భూమి చేతిలో పెట్టుకుని ఆ మాట చెప్పడం కుదరదనుకున్నాడు. 1997లో ట్రస్ట్ తన భూముల్లో దుప్పుల వేటని ఆపేసింది. దొరల వేట నేల మా అమ్మ చేతికర్రతో నడిచే నేల అయింది.

నాన్న ఇదంతా విని ఊరుకోలేదు. "ఇచ్చినవాడు మంచివాడు కాబట్టి మనం నడుస్తున్నాం. ఇవ్వకపోతే?" అన్నారు. సరైన ప్రశ్న. దానానికీ హక్కుకీ చాలా తేడా ఉంది. ఉత్తరాన పీక్ జిల్లాలో కిండర్ స్కౌట్ అనే మూర్ కొండ ఉంది. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ వైపు నుంచి వందల మంది కుర్ర కార్మికులు, నడవకూడదన్న ఆ కొండ మీదికి కావాలని నడిచి వెళ్లారు. అది పక్షుల వేటకి అట్టిపెట్టుకున్న నేల. ముందు నడిచినవాళ్లలో బెన్నీ రోత్‌మన్ అనే ఇరవయ్యేళ్ల కుర్రాడున్నాడు. అతనితో కలిపి ఐదుగురిని జైల్లో వేశారు. వాళ్లు అడిగింది చట్టంగా రావడానికి ఏళ్లూ పూళ్లూ పట్టింది. 2000లో వచ్చిన చట్టం ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో కొండలు, మూర్‌లు, హీత్‌లు (హెదర్ పెరిగే పల్లపు బీళ్లు), కామన్లుగా గుర్తించిన నేల మీద ఎవరైనా కాలినడకన తిరగొచ్చు. బాట మీదే నడవాలన్న నిబంధన లేదు. ఇంగ్లండ్ మొత్తం నేలలో అది 8 శాతం దాకా ఉంటుంది. స్కాట్లండ్‌లో 2003 చట్టంతో దాదాపు దేశమంతటా ఆ హక్కుంది. ఇంగ్లండ్‌లో ఎనిమిదితో ఆగిపోవడం నాకు నచ్చదు. అడవులకీ నదుల ఒడ్డులకీ కూడా అది రావాలి. ఆ ఎనిమిదిలో చాలా భాగం ఇదుగో, ఇలాంటి ఏమీ లేని మిట్టలే అని మాత్రం మర్చిపోకూడదు.

ఇక్కడ ఇంకో వాదం ఉంది, దాన్ని తప్పించుకుపోను. మూర్‌లు అసలు ప్రకృతే కాదు, గొర్రెలు గొరిగేసిన అడవులు అనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో నిజముంది. కంచు యుగంలో మనుషులు చెట్లు కొట్టి మేత నేల చేసుకున్నారు. తర్వాత గొర్రెలు, పశువులు మేయడం వల్లా, చలికాలంలో ముదిరిన హెదర్‌నీ గోర్స్‌నీ తగలబెట్టే అలవాటు వల్లా చెట్లు మళ్లీ లేవలేదు. ఆ తగలబెట్టడాన్ని ఇక్కడ స్వేలింగ్ అంటారు. నాలుగు దశాబ్దాలు వదిలేస్తే రోవన్, బర్చ్, ఓక్ చెట్లు పైకి పాకుతాయి. డంకరీ కిందనే హార్నర్ ఉడ్ ఉంది, వందల ఏళ్ల వయసున్న ఓక్ చెట్ల అడవి. అది పైకి రావడానికి సిద్ధంగానే ఉంది.

అంతమాత్రాన కొండంతా అడవి కావాలని నేననను. గొర్రెలు తగ్గాలి, గుర్రాలూ పశువులూ పెరగాలి, లోయల అంచుల్లో చెట్లు పైకి పాకితే పాకనివ్వాలి. నెత్తిన మాత్రం హెదర్ ఉండాలి. మనిషి చేతి వల్ల వచ్చింది కాబట్టి విలువలేదంటే మన ఊరి చెరువుకీ విలువలేనట్టే. అదీ మనిషి తవ్వించిందే, దాన్ని నమ్ముకుని పక్షులు బతకడం లేదా? ఈ మిట్టల మీద తడి నేలని కాపాడటం అందంకోసం ఒక్కటే కాదు. 1952 ఆగస్టు 15న ఎక్స్‌మూర్ పడమటి భాగంలో ఒక్క రోజులో 220 మిల్లీమీటర్ల పైన వాన పడింది. నేల అప్పటికే తడిసి ముద్దయి ఉంది. నీళ్లన్నీ ఇరుకు లోయల్లోంచి దూకి లిన్‌మత్ అనే ఊరి మీద పడ్డాయి. 34 మంది చనిపోయారు. ఇప్పుడు ఎక్స్‌మూర్‌లో పాతకాలంలో తవ్విన మురుగు కాలవలు పూడ్చి, పీట్ నేలలో, అంటే కుళ్లిన మొక్కలు పేరుకున్న తడి నేలలో, నీరు నిలిచేలా చేస్తున్నారు. 2020లో హాల్నికోట్ వాగుల్లో బీవర్లని, అంటే చెట్లు కొరికి వాగులకి అడ్డుకట్టలు కట్టే జంతువుల్ని, కూడా వదిలారు, ఆ కట్టలు నీటి వేగాన్ని తగ్గిస్తాయని. కొండ మీద మన కాలికింద మెత్తగా తగిలే నేలకీ కింద ఊళ్లో మనుషుల ప్రాణానికీ అంత సంబంధం ఉంది.

గుర్రాల సంగతి చెప్పాను కదా. ఎక్స్‌మూర్ పోనీలు. పొట్టిగా, గట్టిగా, ముదురు గోధుమరంగులో ఉంటాయి. ముట్టె చుట్టూ, కళ్ల చుట్టూ మాత్రం లేత రంగు. రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి ఈ జాతిలో మిగిలినవి యాభై దాకానే. తిండి కరువు రోజుల్లో కొన్నిటిని మాంసానికి పట్టుకుపోయారు, సైనికుల శిక్షణలో కొన్ని తూటాలకి పోయాయి. మేరీ ఎథరింగ్టన్ అనే ఆవిడ పూనుకుని రైతుల్ని కూడగట్టకపోతే ఆ జాతి అక్కడితో సరి. మేం చూసినప్పుడు ఒక ఆడగుర్రం గోర్స్ ముళ్లని పై పెదవితో తప్పిస్తూ లేత చివుళ్లు కొరుకుతోంది. దాని పక్కన పిల్ల. దగ్గరికి వెళ్లకూడదు, ఏమీ పెట్టకూడదు. అమ్మ అరటిపండు తీసి మళ్లీ సంచిలో పెట్టేసింది.

బీకన్ దగ్గర్నుంచి మిట్ట వెంబడే తూర్పుగా నడిస్తే రాబిన్ హౌ, జోనీ హౌ అని రెండు పెద్ద రాళ్ల గుట్టలొస్తాయి. కంచు యుగం నాటి సమాధులు. పిల్లలు ఎక్కబోతుంటే, అవేమిటో నేను అమ్మకి చెప్పాను. "దిగండి, పోయినవాళ్ల రాళ్లవి" అని గట్టిగా అంది. తర్వాత పక్కకి వెళ్లి గాలి తగలని చోట కూర్చుంది. కొండ ఎక్కడమంటే ఆమెకి మొక్కు తీర్చుకోవడమే. పైన ఎవరో ఉంటారని ఎక్కడం. ఇక్కడ ఎవరూ ఎదురుచూడటం లేదు, టిక్కెట్టు లేదు, క్యూ లేదు, దర్శనం అయిపోయిందని తోసేవాళ్లు లేరు. ఎంతసేపైనా కూర్చోవచ్చని అర్థమయ్యాక ఆమె చాలాసేపు కూర్చుంది. అట్లా తీరిగ్గా కూర్చున్న మా అమ్మని నేను చాలా ఏళ్లుగా చూడలేదు.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. ఆ రోజు ఆ కొండ మీద మాలాంటి రంగువాళ్లు మేమే. 2019లో జూలియన్ గ్లోవర్ నాయకత్వంలో ప్రభుత్వం చేయించిన సమీక్ష కూడా, నేషనల్ పార్కులు మైనారిటీ జాతులవాళ్లకి అందడం లేదని చెప్పింది. దారిలో ఎదురైనవాళ్లంతా పలకరించారు, కుక్కల్ని దగ్గరికి లాక్కుని దారిచ్చారు. అయినా మొదటిసారి వెళ్లేవాళ్లకి "ఇది మన చోటేనా" అన్న బెరుకు ఉంటుంది. ఖరీదైన జాకెట్లూ కర్రలూ చూసి ఆ బెరుకు పెరుగుతుంది. మెత్తటి కొండకి అవేవీ అక్కర్లేదు. జారని బూట్లు, గాలీ వానా ఆపే కోటు ఒకటి, అంతే. అమ్మ చీర మీద స్వెట్టరు, దాని మీద నా రెయిన్‌కోటు వేసుకుని వచ్చింది. చట్టం ఇచ్చిన నడిచే హక్కు తాతల నాటి నుంచి అక్కడున్నవాళ్లకి ఎంతో, నిన్న విమానం దిగిన మా అమ్మకీ అంతే. దాన్ని వాడుకోవాలి. వాడనివాటిని తీసేయడం సులువని నాన్న రికార్డుల్లో చూసిన సంగతే.

నా వాదనకి గట్టి అడ్డం ఒక్కటే ఉంది, ఖర్చు. ఆగస్టులో ఎక్స్‌మూర్ చుట్టూ ఇల్లు అద్దెకి తీసుకోవాలంటే జేబు తడుముకోవాలి. కారు లేకపోతే డంకరీకి చేరడం కష్టం, అటు బస్సులు అంతంతమాత్రం. నడిచే హక్కు ఉండి, అక్కడికి చేరే దారి లేకపోతే అది సగం హక్కే. కొండ ఊళ్లకి వేసవిలోనైనా బస్సులు నడపాలని నేను కౌన్సిలర్లకి రాస్తూనే ఉంటాను, మీరూ రాయండి.

ఈలోపు, మెత్తటి మూర్ కొండ డంకరీ ఒక్కటే కాదు. లీడ్స్‌లో ఉన్నవాళ్లు రైలెక్కి ఇల్క్లీలో దిగితే ఊళ్లోంచి నడుచుకుంటూ ఇల్క్లీ మూర్ మీదికి పోవచ్చు. బర్మింగ్‌హామ్ వైపువాళ్లకి ష్రాప్‌షైర్‌లో లాంగ్ మిండ్ ఉంది, 516 మీటర్లు, దాదాపు డంకరీ అంతే. చర్చ్ స్ట్రెటన్ స్టేషన్లో దిగి కార్డింగ్ మిల్ లోయ మీదుగా ఎక్కాలి. ఎడిన్‌బరోలో పెంట్లండ్ కొండలకి సిటీ బస్సే పోతుంది. ఎక్కడికెళ్లినా కొన్ని జాగ్రత్తలు తప్పవు. పొగమంచు కమ్మితే ఇంత చిన్న కొండ మీద కూడా దారి తప్పుతారు, మ్యాపు చేతిలో ఉండాలి. బ్రాకెన్ అనే ఫెర్న్ పొదల్లో టిక్స్ అనే రక్తం పీల్చే పురుగులుంటాయి, వాటివల్ల లైమ్ జబ్బు వస్తుంది. కాళ్లు కప్పే ప్యాంటు వేసుకుని, ఇంటికొచ్చాక పిల్లల మోకాళ్ల వెనకా చంకల్లో చూడండి. మార్చి 1 నుంచి జులై 31 దాకా నేల మీద గూళ్లు పెట్టే పక్షులుంటాయి, కుక్క ఉంటే తాడు వదలకూడదు. హెదర్ పూత కావాలంటే ఆగస్టు మధ్యనుంచి నెలాఖరు లోపల వెళ్లండి, మధ్యాహ్నం గాలి లేవకముందే, పెద్దవాళ్లని ముందు నడవనిచ్చి.